రెంటల్ స్కీలు దాటాక ఏవి కొనాలి: 78, 88, 98 మి.మీ. వెడల్పుల మధ్య తేల్చుకోవడం

నవంబర్‌లో మా సియాటిల్ దగ్గరి స్నోక్వాల్మీ పాస్ మీద తొలి మంచు పడి, ఆ ఫొటోలు మన వాట్సాప్ గ్రూపుల్లోకి రాగానే నాకు ఒక ఫోన్ తప్పదు. "అన్నా, పోయిన సీజన్‌కే బ్లూ రన్లన్నీ (మధ్యస్థాయి వాలులన్నీ) దిగేస్తున్నా. ఈసారి సొంత స్కీలు కొందామనుకుంటున్నా. ఏవి కొనమంటావు?" అడిగేది రెడ్‌మండ్, బెల్‌వ్యూ, బాతెల్ వైపు ఉండే మన కుర్రాళ్ళే. రెండు మూడేళ్ళ కిందట స్కీల ముందు కొసలు దగ్గరికి చేర్చి 'పిజ్జా' పెట్టుకుంటూ బిక్కుబిక్కుమంటూ దిగినవాళ్ళు. ఇప్పుడు రెండు స్కీలూ పక్కపక్కనే పెట్టి చక్కగా తిరుగుతున్నారు.

నేను ఎదురు ప్రశ్న వేస్తాను. "పోయిన సీజన్ ఎన్ని రోజులు వెళ్ళావు? అందులో కొత్తగా పడిన మెత్తటి మంచు మీద ఎన్ని రోజులు?" రెండో ప్రశ్నకి జవాబు ఉండదు. కొనబోయే స్కీల లిస్టు మాత్రం సిద్ధంగా ఉంటుంది. అందులో ఒక్కటి కూడా 100 మిల్లీమీటర్ల వెడల్పుకి తగ్గదు. చూసిన వీడియోలన్నిటిలో నడుము లోతు పౌడరే, అంటే ఆ మెత్తటి కొత్త మంచే మరి.

వాళ్ళని తప్పు పట్టను, నేనూ అదే చేశాను. నా మొదటి సొంత స్కీలు 106 మి.మీ. వెడల్పువి, సెకండ్ హ్యాండ్‌లో బేరమాడి కొన్నాను. ఆ సీజన్‌లో 14 రోజులు వెళితే, పౌడర్ దొరికింది సరిగ్గా రెండు రోజులు. మిగతావన్నీ ఆఫీసు అయ్యాక ఐ-90 హైవే ఎక్కి వెళ్ళి, లైట్ల కింద స్కీ చేసిన రాత్రులు. మధ్యాహ్నం కరిగి, సాయంత్రానికి గడ్డకట్టిన మంచు. దాని మీద ఆ స్కీలతో తిరగడం పావుకోళ్ళు వేసుకుని గచ్చు మీద పరిగెత్తినట్టు ఉండేది. ఎడ్జ్‌ని, అంటే స్కీ స్టీలు అంచుని, మంచులోకి ఎక్కించడానికి సగం టర్న్ అయిపోయేది. రాత్రి ఇంటికి వచ్చాక మోకాళ్ళ లోపలి వైపు నొప్పి. స్కీల్లో లోపం ఏమీ లేదు, అవి మంచి స్కీలే. నేను వెళ్ళే కొండకీ, నా ఆటకీ సరిపోయేవి కావంతే.

ముందు, కొనే టైమ్ వచ్చిందా?

ఆడలేక మద్దెల ఓడన్నట్టు, మన తప్పుని స్కీల మీదకి నెట్టడం తేలిక. నిజంగా స్కీలే అడ్డం వస్తున్నాయా అన్నది తెలుసుకోవడానికి ఒక చిన్న పరీక్ష ఉంది. యంత్రంతో బాగా దువ్విన బ్లూ రన్ మీద ఓ పది టర్నులు చేసి, ఆగి, వెనక్కి తిరిగి మీ జాడ చూసుకోండి. రైలు పట్టాల్లా రెండు సన్నటి గీతలు అక్కడక్కడైనా కనిపిస్తున్నాయా? లేక మొత్తం చీపురుతో ఊడ్చినట్టు వెడల్పుగా చెదిరిపోయి ఉందా? మొత్తం చెదిరి ఉంటే కొత్త స్కీలు పెద్దగా మార్చేది ఏమీ లేదు. ఆ డబ్బుతో రెండు లెసన్లు తీసుకోండి, రెంటల్ స్కీలు ఇంకో సీజన్ నడుస్తాయి. సగం టర్నుల్లో గీతలు పడుతూ, కాస్త వేగం అందుకోగానే ముందు కొసలు టపటపా కొట్టుకుంటూ, గట్టి మంచు మీద స్కీ పట్టు వదిలేస్తోందంటే, అప్పుడు మీరు రెంటల్ స్కీని దాటేసినట్టే.

రెంటల్ స్కీలు చెడ్డవని కాదు. అవి నేర్చుకునేవాళ్ళ కోసం చేసినవి. మెత్తగా ఉంటాయి, తేలిగ్గా పక్కకి జారతాయి, తప్పు చేసినా శిక్షించవు. కౌంటర్ దగ్గర మీ ఎత్తు చూసి గడ్డం వరకో, ఇంకా కిందికో వచ్చేవి ఇస్తారు. ఆ మెత్తదనం, ఆ పొట్టితనమే వేగం పెరిగాక ఇబ్బంది పెడతాయి.

డబ్బు లెక్క కూడా ఒకసారి వేసుకోండి. మా వైపు రోజు రెంటల్ 50, 60 డాలర్లు అవుతోంది. బూటుని స్కీకి పట్టి ఉంచే బైండింగ్‌తో కలిపి కొత్త స్కీలు 700 నుంచి 1,000 డాలర్ల దాకా, కిందటేడు మోడల్ అయితే బాగా తక్కువకే దొరుకుతాయి. ఏడాదికి నాలుగైదు రోజులే వెళ్ళేవాళ్ళు సీజన్ రెంటల్ తీసుకుంటే చాలు, కొనకపోయినా ఏమీ కోల్పోరు.

బూట్లు ఇంకా అద్దెవేనా?

అయితే ఈ వ్యాసం ఇక్కడితో ఆపి, ముందు బూట్లు కొనుక్కోండి. నేను ఇది చెప్పినప్పుడల్లా అందరూ నిరుత్సాహపడతారు, ఎందుకంటే బూట్లు ఫొటోలో అందంగా ఉండవు. కానీ మీ కాలు ఇచ్చే ఆదేశం స్కీకి అందేది బూటు ద్వారానే. లోపల మడమ లేచి, పాదం కదులుతుంటే ఎంత ఖరీదైన స్కీ అయినా ఆ ఆదేశం ఆలస్యంగా, సగం చచ్చి అందుతుంది.

బూటు సైజు మోండోపాయింట్ అనే లెక్కలో ఉంటుంది, అంటే పాదం పొడవు సెంటీమీటర్లలో. పాదం 26.5 సెం.మీ. ఉంటే బూటు కూడా 26.5. రెంటల్ కౌంటర్లో హాయిగా ఉందని 28 వేసుకుని మూడు సీజన్లు తిరిగినవాళ్ళని చూశాను. రెండోది వెడల్పు. మోడల్‌ని బట్టి లోపలి వెడల్పు సుమారు 98, 100, 102 మి.మీ.గా ఉంటుంది. నాలా చిన్నప్పటి నుంచి చెప్పుల్లో పెరిగి, పాదం ముందు భాగం విసనకర్రలా పరుచుకున్నవాళ్ళు 98 జోలికి పోవద్దు. బూట్ ఫిట్టర్ ఉన్న షాపుకి వెళ్ళి, గంట కేటాయించి కొనాలి. ఈ ఒక్కటీ ఆన్‌లైన్‌లో వద్దు.

నడుము ఎంత?

స్కీల మీద 128-88-110 లాంటి మూడు అంకెలు ఉంటాయి. ముందు భాగం వెడల్పు, మధ్యలో బూటు కింద వెడల్పు, తోక వెడల్పు. మధ్య అంకెనే నడుము అంటాను. స్కీ ఎంపికలో ముప్పావు వంతు నిర్ణయం ఈ ఒక్క అంకెలోనే ఉంది.

కారణం తేలికే. బూటు అడుగు ముందు వైపు దాదాపు 69 మి.మీ. వెడల్పు ఉంటుంది. 76 నడుము ఉన్న స్కీలో ఎడ్జ్ పాదం మధ్య నుంచి 38 మి.మీ. దూరంలో, అంటే దాదాపు బూటు అంచు కిందే ఉంటుంది. అదే 106 స్కీలో 53 మి.మీ. దూరంలో, బూటు దాటి బయటికి ఉంటుంది. ఒకటిన్నర సెంటీమీటర్ తేడానే కదా అనిపిస్తుంది. కానీ గట్టి మంచు మీద మీ బరువంతా ఆ అంచు మీదే నిలబడాలి. ఆ అంచు పాదం కిందనుంచి బయటికి జరిగినకొద్దీ మంచు స్కీని తిరిగి చదునుగా తోసేస్తుంటుంది, దాన్ని ఆపే పని చీలమండకీ మోకాలికీ పడుతుంది. కుడి ఎడ్జ్ నుంచి ఎడమ ఎడ్జ్‌కి మారడానికి పట్టే టైమ్ కూడా పెరుగుతుంది. నా మోకాళ్ళ నొప్పి వెనకున్న కథ ఇదే.

మెత్తటి మంచులో లెక్క తిరగబడుతుంది. అక్కడ ఎడ్జ్‌తో పని తక్కువ, తేలడమే ముఖ్యం. వెడల్పు స్కీ తక్కువ లోతుకి దిగుతుంది, కాళ్ళు తక్కువ అలసిపోతాయి. కాబట్టి మీరు ఎక్కడ, ఎలాంటి రోజుల్లో స్కీ చేస్తారన్నది తేలకుండా స్కీ పేరు గురించి మాట్లాడుకోవడం దండగ.

మన తెలుగువాళ్ళు ఎక్కువగా ఉండే చోట్లనే తీసుకుందాం. న్యూజెర్సీలో ఉంటూ మౌంటెన్ క్రీక్‌కో పోకనోస్‌కో, లాంగ్ వీకెండ్‌లో వెర్మాంట్‌కో వెళ్ళేవాళ్ళకి దొరికేది చాలావరకు గట్టి మంచు, కొన్ని రోజులు అచ్చంగా ఐసే. వాళ్ళు 85 దాటాల్సిన పని లేదు, 75-80 ఇంకా మేలు. డెన్వర్ వైపు ఉన్నవాళ్ళది అదృష్టం. కొలరాడో మంచు పొడిగా, తేలిగ్గా ఉంటుంది, 88 నుంచి 96 దాకా ఏదైనా నడుస్తుంది. బే ఏరియా వాళ్ళు వెళ్ళే టాహోలోనూ, మా సియాటిల్ కొండల్లోనూ మంచు బాగా పడుతుంది గానీ సముద్రపు తేమతో బరువుగా ఉంటుంది. టాహోలో దాన్ని 'సియర్రా సిమెంట్' అనీ, ఇక్కడ 'కాస్కేడ్ కాంక్రీట్' అనీ వెక్కిరిస్తారు. పైగా స్నోక్వాల్మీ బేస్ దాదాపు 3,000 అడుగుల ఎత్తులోనే ఉంటుంది, జనవరిలో కూడా వాన పడి మర్నాటికి గడ్డకడుతుంది. క్రిస్టల్ మౌంటెన్ పైభాగం 7,000 అడుగుల దగ్గర ఉంటుంది కాబట్టి అక్కడ కాస్త నయం. గుల్మార్గ్ సంగతి వేరే. గొండోలా దాదాపు నాలుగు వేల మీటర్ల దాకా తీసుకెళ్ళి వదిలే అఫర్వాట్ కొండ మీద దువ్విన రన్లు వెతుక్కోకూడదు, అక్కడ వెడల్పు స్కీకి అర్థం ఉంది. కానీ ఏడాదికి ఒక్కసారి గుల్మార్గ్ వెళ్ళడం కోసం సియాటిల్‌లో 105 కొనడం మాత్రం, పెళ్ళికి కట్టుకునే పట్టుచీర రోజూ వంటకి కట్టుకున్నట్టు.

మూడు రకాలు, పక్కపక్కన

72 నుంచి 82 దాకా ఉన్నవాటిని ఫ్రంట్‌సైడ్ లేదా కార్వింగ్ స్కీలంటారు. గట్టి మంచు మీద వీటి పట్టు వేరే లెవెల్. టర్న్ నేర్పేది కూడా ఇవే. ఎడ్జ్ ఎక్కితే వెంటనే తెలుస్తుంది, ఎక్కకపోయినా వెంటనే తెలుస్తుంది. స్కీయింగ్ టెక్నిక్ బాగుపడాలని నిజంగా పట్టుదల ఉన్నవాళ్ళకి నేను ముందు చూపించేది ఈ గుంపునే. రోసిన్యోల్ ఎక్స్‌పీరియన్స్ 82 బసాల్ట్ లాంటిది క్షమించే గుణం ఉన్న స్కీ. ఎలాన్ వింగ్‌మన్ 82 సీటీఐ ఇంకొంచెం గట్టిది. ఎలాన్ స్కీల్లో ఒక తమాషా ఉంది, వీటికి కుడి ఎడమలు వేరుగా ఉంటాయి. లోపలి అంచు పట్టు కోసం ఒక రకంగా, బయటి అంచు తేలిగ్గా తిరగడం కోసం ఇంకో రకంగా మలుస్తారు. కాబట్టి చీకట్లో తొందరపడి తారుమారు చేసుకోకూడదు. స్లొవేనియాకి చెందిన ఈ ఎలాన్ కంపెనీయే 1993లో ఎస్‌సీఎక్స్ అనే స్కీతో నడుము సన్నగా, కొసలు వెడల్పుగా ఉండే ఇప్పటి ఆకారానికి దారి చూపింది. అంతకు ముందు స్కీలు దాదాపు తిన్నటి చెక్కలే. మీ ఆఫీసులో తల నెరిసిన మేనేజరెవరైనా "రెండు మీటర్ల స్కీ తీసుకో" అని సలహా ఇస్తే, అది ఆ కాలపు మాట అని నవ్వి ఊరుకోండి.

ఈ గుంపు బలహీనత పదిహేను సెంటీమీటర్ల తడి మంచు పడిన ఉదయం బయటపడుతుంది. ముందు కొసలు కిందికి దిగబడిపోతాయి. మధ్యాహ్నానికి ఆ మంచంతా గుట్టలు గుట్టలుగా తయారయ్యాక ప్రతి గుట్టా మిమ్మల్ని తోసేస్తుంది.

84 నుంచి 92 దాకా మధ్య గుంపు. దీన్ని ఆల్ మౌంటెన్ అంటారు. వీటితో గట్టి మంచు మీద మొదటి గుంపులో ముప్పావు వంతు సుఖం, మెత్తటి మంచులో మూడో గుంపులో సగానికి పైగా సుఖం దొరుకుతాయి. ఇది కొలిచి చెప్పిన లెక్క కాదు, నా కాళ్ళ లెక్క. కే2 మైండ్‌బెండర్ 90సీ, 89టీఐ, అటామిక్ మావెరిక్ 88 టీఐ, బ్లిజ్జర్డ్ బ్రామా 88 ఈ కోవలోవే. ఆడవాళ్ళ స్కీల్లో బ్లిజ్జర్డ్ బ్లాక్ పెర్ల్ 88 చాలా ఏళ్ళుగా బాగా అమ్ముడవుతున్న పేరు. 'ఆడవాళ్ళ స్కీ' అంటే చాలాసార్లు అదే ఆకారం కాస్త తేలికైన సరుకుతో, పొట్టి సైజుల్లో రావడమే. 58 కిలోల మగవాడు అది కొనుక్కున్నా కొండేమీ నవ్వదు.

94 నుంచి 102 మూడో గుంపు. నార్డికా ఎన్‌ఫోర్సర్ 94, ఫోల్కల్ ఎం6 మాంట్రా, సాలమన్ క్యూఎస్‌టీ 98, హెడ్ కోర్ 99 లాంటివి. ఇవి గొప్ప స్కీలు, కొందరు ఇవి తప్ప వేరేవి వాడరు కూడా. కానీ ఇంకా నేర్చుకుంటున్నవాడికి ఇవి ఒక ద్రోహం చేస్తాయి. వెడల్పుగా ఉండి పక్కకి చక్కగా జారతాయి కాబట్టి, టర్న్ సరిగ్గా చేయకపోయినా పని గడిచిపోతుంది. అలా రెండు సీజన్లు గడిచాక, మీరు ఆగిన చోటే ఉన్నారని ఏదో ఒక ఐసు రోజున తెలిసొస్తుంది. ఎన్‌ఫోర్సర్, మాంట్రా లాంటివాటిలో మెటల్ కూడా ఉండటంతో నెమ్మదిగా వెళితే మొండికేస్తాయి. ఉట్టికెక్కలేనమ్మ స్వర్గానికెక్కినట్టే అవుతుంది.

ఇంకా ముందుకెళ్ళి, మార్కెట్‌ప్లేస్‌లో కారుచౌకగా దొరికాయని రేసు స్కీలు కొన్నవాళ్ళనీ చూశాను. మగవాళ్ళ ఎఫ్‌ఐఎస్ (అంతర్జాతీయ స్కీ సమాఖ్య) జెయింట్ స్లాలమ్ రేసు స్కీ టర్న్ రేడియస్, అంటే దాని ఆకారం గీసే వంపు వ్యాసార్థం, 30 మీటర్లు. స్నోక్వాల్మీ బ్లూ రన్ మీద దానితో ఒక టర్న్ చేసేలోపు రన్ అవతలి అంచు వచ్చేస్తుంది.

మెటల్ ఉన్నదా, లేనిదా

పేరు చివర 'టీఐ' అని ఉంటే లోపల టైటనల్ రేకు ఉందని అర్థం. పేరు చూసి టైటానియం అనుకుంటారు, కాదు. అది అల్యూమినియం మిశ్రమం. అది స్కీ వణుకుని మింగేస్తుంది. గట్టి మంచు మీద వేగంగా పోతున్నప్పుడు స్కీ నిబ్బరంగా నేలకి అంటుకుని ఉంటుంది. బదులుగా బరువు పెరుగుతుంది, వంచడానికి బలం కావాలి, వెనక్కి వాలి సోమరిగా నిలబడితే ఒప్పుకోదు.

ఈ తేడా తెలుసుకోవడానికి మంచి జోడీ కే2 మైండ్‌బెండర్ 90సీ, 89టీఐ. ఒకే కంపెనీ, వెడల్పులో ఒక్క మిల్లీమీటర్ తేడా. 90సీలో కార్బన్, 89టీఐలో టైటనల్. ఒకే ఉదయం రెండూ డెమోకి, అంటే కొనేముందు వాడి చూడటానికి, తీసుకుని ఒకే రన్ దిగితే, నేను పది పేరాలు రాసినా చెప్పలేనిది మీ అరికాళ్ళకి అర్థమవుతుంది. నా సలహా మీ బరువుని బట్టి మారుతుంది. 80 కిలోలు దాటి, వేగం ఇష్టపడేవాళ్ళు మెటల్ వైపు వెళ్ళొచ్చు. 65 కిలోల లోపు ఉండి, ఇంకా బ్లూ నుంచి బ్లాక్ అనే మరింత కష్టమైన రన్లకి మారుతున్నవాళ్ళకి మెటల్ లేనిదే హాయి. మధ్యలో ఉన్నవాళ్ళకి, రేకు స్కీ మొత్తం కాకుండా కొంత భాగంలోనే ఉన్నవి మంచి రాజీ. చిన్నప్పుడు సచిన్ బరువైన బ్యాట్ వాడతాడని విని, గల్లీలో మనమూ బరువైన బ్యాట్ పట్టుకుని బంతి దాటిపోయాక ఊపేవాళ్ళం గుర్తుందా? అచ్చంగా అదే.

వంపు, రేడియస్, పొడవు

స్కీని నేల మీద పెడితే మధ్య భాగం విల్లులా పైకి లేచి ఉండటాన్ని కాంబర్ అంటారు. మీరు నిలబడగానే అది నొక్కుకుని ఎడ్జ్ పొడవునా ఒత్తిడి పంచుతుంది, పట్టు అక్కడి నుంచే వస్తుంది. ముందు కొస పడవ ముక్కులా కాస్త ముందుగానే పైకి లేవడం రాకర్. షేన్ మెక్‌కాంకీ అనే స్కీయర్ వాటర్ స్కీల నుంచి ఈ ఆలోచన పట్టుకుని చేయించిన వోలాంట్ స్పాచులా 2002 ప్రాంతంలో వచ్చినప్పుడు జనం దాన్ని వింతగా చూశారు. ఇప్పుడు ఎంతో కొంత రాకర్ లేని ఆల్ మౌంటెన్ స్కీ దొరకడం కష్టం. మీకు కావలసింది పాదం కింద కాంబర్, ముందు కొసలో కొంచెం రాకర్, తోకలో ఉండీ లేనట్టు. అంతకన్నా బుర్ర పాడుచేసుకోవాల్సింది లేదు.

రేడియస్ 14 నుంచి 17 మీటర్ల మధ్య ఉంటే ఈ దశలో బాగుంటుంది. ఆ అంకె స్కీని చదునుగా ఉంచినప్పటిది. స్కీని పక్కకి వంచినకొద్దీ టర్న్ చిన్నదవుతుంది. 16 మీటర్ల స్కీని 45 డిగ్రీలు వంచితే టర్న్ సుమారు 11 మీటర్లకి వస్తుంది. అంటే రేడియస్ పెద్దదని భయపడేకన్నా, వంచడం నేర్చుకోవడం మేలు.

పొడవు విషయంలో ఎత్తు కన్నా బరువే ఎక్కువ మాట్లాడుతుంది, కానీ షాపులో అందరూ ఎత్తే అడుగుతారు. ఇంకా నేర్చుకుంటూ పైకొస్తున్నవాళ్ళకి ముక్కుకీ నుదుటి పైభాగానికీ మధ్య వచ్చేది సరిపోతుంది. ఫ్రంట్‌సైడ్ స్కీ అయితే ముక్కు వైపు, రాకర్ ఉన్న ఆల్ మౌంటెన్ అయితే నుదురు వైపు. రాకర్ వల్ల కొస భాగం గట్టి మంచుని తాకదు, అందుకే అది చేతిలో ఉన్నంత పొడవుగా కాలికి అనిపించదు. నేను 172 సెం.మీ. ఎత్తు, 74 కిలోలు. 82 స్కీ అయితే 166 దరిదాపుల్లో, 88 అయితే 172 దరిదాపుల్లో తీసుకుంటాను. రెండు సైజుల మధ్య ఊగిసలాట వస్తే, చెట్ల మధ్య, మొగల్స్ (మంచు గుట్టల వరసలు) మీద తిరిగేవాళ్ళు పొట్టిది, వేగం కోరేవాళ్ళు పొడుగుది. రెంటల్ కౌంటర్లో 155 ఇచ్చారు కదా అని మళ్ళీ 155 కొనకండి. ఆరు నెలల్లో మళ్ళీ నాకే ఫోన్ చేస్తారు.

బైండింగ్ దగ్గర పిసినారితనం వద్దు

ఫ్రంట్‌సైడ్ స్కీలు చాలావరకు బైండింగ్‌తో కలిపే వస్తాయి. వెడల్పు పెరిగినకొద్దీ విడిగా కొనాలి, దానికి ఇంకో 200, 300 డాలర్లు పక్కన పెట్టుకోండి. ఆన్‌లైన్‌లో స్కీ ధర చూసి సంబరపడి, చివర్లో ఇది గుర్తొచ్చి నీరుగారిపోయేవాళ్ళే ఎక్కువ.

మూడు విషయాలు చూడాలి. బ్రేక్ (ఊడిన స్కీ జారిపోకుండా ఆపేది) వెడల్పు స్కీ నడుము కన్నా కాస్త ఎక్కువ ఉండాలి, కానీ ఆ తేడా 15 మి.మీ. దాటకూడదు. 88 స్కీకి 90 లేదా 95 సరిపోతుంది. తర్వాత డిన్ అంకె, అంటే పడినప్పుడు బూటుని ఎంత బలానికి వదలాలన్నది. మీ బరువు, ఎత్తు, వయసు, బూటు అడుగు పొడవు, మీరు స్కీ చేసే తీరు చూసి టెక్నీషియన్ పెడతాడు. మీకు వచ్చే అంకె బైండింగ్ కొలబద్దకి మధ్యలో ఎక్కడో పడాలి. మీది 6 అయితే 4 నుంచి 13 దాకా ఉన్న మార్కర్ గ్రిఫన్ 13 బాగానే ఉంటుంది. 6 దగ్గరే మొదలయ్యే పెద్ద బైండింగ్ ఎందుకు? అంకె స్టేటస్ కాదు, మోకాలి లిగమెంట్. యూట్యూబ్ చూసి స్క్రూడ్రైవర్‌తో మీరే తిప్పుకోవద్దు.

మూడోది బూటు అడుగు. ఇప్పుడు వస్తున్న బూట్లలో చాలావాటికి గ్రిప్‌వాక్ అనే, నడవడానికి వీలుగా కాస్త వంపు తిరిగిన రబ్బరు అడుగు ఉంటుంది. దానికి సరిపడే బైండింగే కావాలి. పాత బైండింగులు పాత చదును అడుగుకే చేసినవి. సెకండ్ హ్యాండ్‌లో కొనేవాళ్ళు సరిగ్గా ఇక్కడే దొరికిపోతారు. స్కీ చూస్తే తళతళలాడుతుంటుంది, బైండింగ్ మాత్రం షాపువాళ్ళు ముట్టుకోని పాతది. తయారీదారు మద్దతు ఆపేసిన బైండింగులని అమెరికాలో షాపులు సెట్ చేయవు.

సెకండ్ హ్యాండే కావాలనుకుంటే అడుగున తెల్లగా లోపలి చెక్క కనబడేంత లోతు గాట్లు ఉన్నాయా, ఎడ్జ్ స్టీలు అరిగి దారంలా అయిందా, పొరలు ఎక్కడైనా విడిపోయాయా అని చూడండి. రెండు స్కీల అడుగులు ఎదురెదురుగా పెడితే మధ్యలో సందు కనబడాలి. కనబడకపోతే ఆ విల్లు చచ్చిపోయినట్టే, రాకర్ స్కీ అయినా పాదం కింద కొంచెం ఉండాలి. పైపైన తుప్పు ఉంటే భయం లేదు, పోతుంది.

నేనైతే సెకండ్ హ్యాండ్ కన్నా కిందటేడు కొత్త స్టాక్‌కే మొగ్గుతాను. చాలా మోడళ్ళు రెండు మూడేళ్ళకోసారే లోపల మారతాయి, మధ్యలో మారేది పైన బొమ్మ మాత్రమే. మార్చి చివర నుంచి, మళ్ళీ సెప్టెంబర్ మొదట్లో వచ్చే లేబర్ డే చుట్టూ, ఆ పాత బొమ్మ స్కీల ధరలు దిగొస్తాయి.

డెమో రోజు

కొనేముందు కనీసం రెండింటిని కాళ్ళకి కట్టి చూడండి. చాలా షాపులు డెమో అద్దెని తర్వాత కొన్న ధరలో తగ్గిస్తాయి, ముందే అడగండి. ఒకే రోజు, ఒకే రన్. మొదటి స్కీ పొద్దున దువ్విన మంచు మీద, రెండోది మధ్యాహ్నం గుట్టల మీద చూసి పోల్చితే అది మంచుల పోలికే అవుతుంది. వరసగా చిన్న టర్నులు, తర్వాత వేగంగా పెద్ద టర్నులు, ఒకసారి గట్టిగా పక్కకి తిరిగి ఆగడం, చివరగా రన్ అంచున చెదిరిన మంచులో నెమ్మదిగా వెళ్ళడం. ఈ చివరిది ఎవరూ చేయరు. కానీ సాయంత్రం నాలుగింటికి, కాళ్ళు అలసిపోయాక మీరు ఉండేది అక్కడే. ఒక స్కీ అసలు పట్టు చూపకపోతే ఎడ్జ్‌ల మీద గోరు గీసి చూడండి. గోరు గీరుకోకపోతే అవి మొద్దుబారాయి, స్కీని తిట్టకండి, మారుస్తారు.

కిందటి నవంబర్‌లో అడిగిన కుర్రాడి సంగతి చెప్పి ముగిస్తా. 68 కిలోలు, మూడో సీజన్, బ్లాక్ రన్లు అప్పుడప్పుడే మొదలుపెట్టాడు. లెక్క తీస్తే తొమ్మిది రాత్రులు స్నోక్వాల్మీ, మూడు పగళ్ళు క్రిస్టల్. ఫోల్కల్ మాంట్రా కొంటానని వచ్చాడు. డెమోలో 96నీ, 82నీ, 88నీ మార్చి మార్చి వేసుకుని, చివరికి మెటల్ లేని 88 ఒకటి, 170 పొడవులో, కిందటేడు మోడల్ తీసుకున్నాడు. 82 ఇంకా బాగా పట్టిందని తనే ఒప్పుకున్నాడు గానీ మనసు రాలేదు. సరే, ఆరు మిల్లీమీటర్ల కోసం గొడవెందుకని నేనూ ఊరుకున్నా. జనవరికల్లా వాడి జాడ గీతలుగా పడటం మొదలైంది.

ఫిబ్రవరిలో క్రిస్టల్ మీద రాత్రికి రాత్రి అడుగున్నర మంచు పడింది. పొద్దున ఆరింటికే ఫోన్. "అన్నా, నువ్వు వద్దన్నావు గానీ, ఇవాళ వెడల్పువి ఉంటే బాగుండేది." అలాంటి రోజుకి అద్దెకి తీసుకోమన్నా. సీజన్‌లో రెండు మూడు రోజుల కోసం రెండో జత కొనడం దండగ. "నీ 106లు గ్యారేజీలో ఉన్నాయిగా?" అన్నాడు. ఉన్నాయి, కానీ వాటి బైండింగ్ నా బూటు పొడవుకి, నా బరువుకి పెట్టి ఉంది. దారిలో షాపు దగ్గర ఆగి, నీ బూటుకి మార్పించుకుని తీసుకెళ్ళమన్నా. షాపు తెరిచేసరికి పది. వాడు లిఫ్ట్ దగ్గరికి చేరేసరికి మధ్యాహ్నమైంది, కొత్త మంచంతా అప్పటికే జనం దున్నేశారు. సాయంత్రం స్కీలు తిరిగిస్తూ, మోకాళ్ళు లాగుతున్నాయన్నాడు.